రహీం సాబ్ కట్టిన రెండు జట్లు

హైదరాబాదు పెద్దల దగ్గర ఫుట్‌బాల్ మాట ఎత్తితే చాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ కథ మొదలవుతుంది. మన దేశం ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానం దాకా పోయిన ఏడాది అది. అటువంటి జట్టు మళ్ళీ రాలేదని వారు గట్టిగా చెబుతారు. ఆ మాటను మేము కాదనటం లేదు. కాని మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పనితనం తెలియాలంటే మెల్బోర్న్ ఒక్కటే చూస్తే చాలదు, 1962 జకార్తా జట్టును పక్కన పెట్టి చూడాలని మా మనవి.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తికి ఉపాధ్యాయులు. కాచిగూడ మిడిల్ స్కూలులోనూ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలోనూ పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయి, కడదాకా ఆ బాధ్యత మోశారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిందంటే మాటలా!

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మన జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. రహీం సాబ్ నిరాశపడి కూర్చోలేదు. బూట్లతో ఆడటం, బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించటం, రెండు కాళ్ళతోనూ కొట్టటం నేర్పారు. డ్రిబ్లింగ్ చేయరాదన్న షరతుతో పోటీలు పెట్టారు. చేతివ్రాత దిద్దించినట్టు దిద్దించారన్నమాట.

దాని ఫలితమే మెల్బోర్న్. అక్కడ మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే అయినా 4-1తో ఓడాం. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్, బలరాం వంటి మన హైదరాబాదు, సికింద్రాబాదు కుర్రాళ్ళు ఉన్నారు. వారికి రహీం సాబ్ కనుసైగ చేస్తే చాలు, అర్థమయ్యేది. ఏళ్ళ తరబడి ఒకే బడిలో చదివిన పిల్లల వంటివారు వారు.

తర్వాత ఆ జట్టు చెదిరింది. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో మనకు పతకం రాలేదు. 1960 రోంలో ఫ్రాన్సుతో 1-1తో సమంగా నిలిచినా, హంగరీ, పెరూల చేతిలో ఓడి వెనుదిరిగాం. 1962 నాటికి మెల్బోర్న్ వెళ్ళినవారిలో మిగిలింది పి.కె. బెనర్జీ, బలరాం, తంగరాజ్ వంటి కొద్దిమందే. కెప్టెన్ చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్ కలకత్తా క్లబ్బుల వారు. ఒక్కొక్కరిది ఒక్కో ఊరు, ఒక్కో భాష, ఒక్కో ఆట. మన హైదరాబాదు నుంచి యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

మేము మెచ్చుకునేది ఇక్కడే. కొత్తవారి చేత పాత ఆట ఆడించాలని రహీం సాబ్ పట్టుబట్టలేదు. ఎదుట ఉన్న పిల్లల్లో ఎవరికి ఏది వచ్చో చూసుకుని, దాన్నిబట్టి జట్టును కూర్చారు. జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. అయినా బెదరలేదు. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచారు. ఇంతలో డిఫెన్సుకు ప్రాణమైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరొకరైతే ఆయన్ను పక్కన కూర్చోబెట్టేవారే. రహీం సాబ్ ఆయన్ను ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆటలో జర్నైల్ గోల్ చేశారు.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా జనం, వాళ్ళంతా మనకు వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని వ్యవహారంలో ఒక భారతీయ అధికారి అభ్యంతరం చెప్పారని వాళ్ళకు కోపం. ఆ గోలలోనే పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదయింది.

రహీం సాబ్‌ను అప్పటికే కాన్సర్ లోపల తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1962 తర్వాత 2023 దాకా జరిగిన ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టుకు ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ దక్కలేదు.

ఏ జట్టు గొప్పది అంటే, ఆటలో మెల్బోర్న్ జట్టే కావచ్చు. కాని ఉస్తాదు గొప్పతనం చూడాలంటే జకార్తాయే. తెలివైన పిల్లల బ్యాచి ఒకటి దొరికితే ఏ పంతులుకైనా పేరు వస్తుంది. ఆ బ్యాచి వెళ్ళిపోయాక, వచ్చినవారిని పాతవారితో పోల్చి చిన్నబుచ్చకుండా, మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టినవాడే అసలు పంతులు. మన ఇళ్ళలో అన్న మార్కులు చూపించి తమ్ముణ్ణి తిట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. రహీం సాబ్ జకార్తాలో ఆ పని చేయలేదు.