గాంధీజీ ఆహార వ్రతం

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2వ తేదీన గుజరాత్ ప్రాంతంలోని పోర్‌బందర్‌లో జన్మించారు. వారిది వైష్ణవ కుటుంబం. తల్లి పుత్లీబాయి వ్రతాలను, ఉపవాసాలను నిష్ఠతో ఆచరించేవారు. జైనమత ప్రభావం బలంగా ఉన్న ఆ ప్రాంతంలో మాంసాహారాన్ని మహాపాపంగా భావించేవారు. కనుక శాకాహారం గాంధీజీకి పుట్టుకతో వచ్చిన అలవాటే కాని, ఆలోచించి ఎంచుకొన్న నియమం కాదు. ఆ అలవాటు దృఢమైన విశ్వాసంగా మారడానికి ఆయన ఎన్నో పరీక్షలను ఎదుర్కోవలసి వచ్చింది.

రాజ్‌కోట్‌లోని ఉన్నత పాఠశాలలో చదువుతున్న రోజులలో మోహన్‌దాస్‌కు ఒక స్నేహితుడు ఉండేవాడు. ఆంగ్లేయులు మాంసం తిని బలవంతులైనందువల్లనే మనల్ని పాలిస్తున్నారని అతడు నమ్మబలికాడు. దేశ స్వాతంత్ర్యం కోసం మాంసం తినడం కర్తవ్యమని మోహన్‌దాస్ భావించాడు. నది ఒడ్డున ఏకాంత ప్రదేశంలో తొలిసారిగా మేకమాంసం తిన్నాడు. అది తోలువలె గట్టిగా ఉండి మింగుడు పడలేదు. ఆ రాత్రి తన కడుపులో మేక ప్రాణంతో అరుస్తున్నట్లు తోచి ఉలిక్కిపడ్డాడు. అయినా ఏడాది కాలంలో అయిదారు సార్లు రహస్యంగా మాంసం తిన్నాడు. అలా తిన్న రోజున ఇంట్లో ఆకలి లేదని తల్లితో అబద్ధమాడవలసి వచ్చేది. ఆ అసత్యాన్ని భరించలేక, తల్లిదండ్రులు జీవించి ఉన్నంతకాలం మాంసం ముట్టరాదని నిశ్చయించుకొన్నాడు. అప్పటికి అతనిని బాధించింది అసత్యమే కాని మాంసాహారం కాదు.

1888లో న్యాయశాస్త్రం చదవడానికి ఇంగ్లాండు వెళ్ళే అవకాశం వచ్చింది. మద్యానికి, మాంసానికి, పరస్త్రీకి దూరంగా ఉంటానని బేచర్జీ స్వామి అనే జైన సన్యాసి సమక్షంలో ప్రమాణం చేసిన తరువాతనే తల్లి అనుమతించింది. లండన్‌లో చప్పిడి కూరలతో, రొట్టె ముక్కలతో ఆయన కడుపు నిండేది కాదు. తల్లికిచ్చిన మాటకు ఆ దేశంలో విలువ లేదని ఒక మిత్రుడు వాదించాడు. ఆ వాదానికి బదులు చెప్పలేకపోయినా గాంధీజీ మాట తప్పలేదు.

ఒకనాడు ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార భోజనశాల ఒకటి కనిపించింది. అక్కడ హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని సమర్థిస్తూ రాసిన పుస్తకాన్ని ఒక షిల్లింగుకు కొని చదివారు. ఎప్పటికైనా భారతీయులందరూ మాంసాహారులు కావాలని అంతవరకు ఆయన కోరుకొనేవారు. ఆ పుస్తకం చదివాక శాకాహారాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించారు. గుడ్లు మాంసం కాదని కొందరు చెప్పగా కొద్ది రోజులు తిన్నారు. కాని తల్లి దృష్టిలో గుడ్డు కూడా మాంసమేనని గ్రహించి మానివేశారు. ప్రమాణం చేయించిన వారు దానికి ఏ అర్థం చెప్పుకొన్నారో దానినే పాటించాలని ఆయన భావించారు.

తన నియమాన్ని తాను పాటించడం ఒక ఎత్తు. ఆత్మీయుల ప్రాణాలు ప్రమాదంలో పడినప్పుడు పాటించడం మరొక ఎత్తు. 1902లో బొంబాయిలో పదేళ్ళ కుమారుడు మణిలాల్ టైఫాయిడ్ జ్వరంతో మంచం పట్టాడు. కోడి రసం, గుడ్లు ఇవ్వాలని వైద్యుడు సలహా ఇచ్చాడు. గాంధీజీ అంగీకరించక నీటి చికిత్స చేశారు. తన నమ్మకాన్ని బిడ్డపై రుద్దే హక్కు తండ్రికి ఉన్నదా అన్న సందేహం ఆ రాత్రులలో ఆయనను వేధించింది. పిల్లవాడు కోలుకొన్నాడు. అది తన చికిత్స వల్లనే జరిగిందని ఆయన గట్టిగా చెప్పుకోలేదు. తరువాత దక్షిణాఫ్రికాలో కస్తూర్బా తీవ్రంగా జబ్బుపడినప్పుడు గోమాంస రసం తప్పదని వైద్యుడు పట్టుబట్టాడు. ఆమె ఇష్టపడితే తనకు అభ్యంతరం లేదని గాంధీజీ తెలిపారు. ఆమె దృఢంగా నిరాకరించింది. అటువంటి స్థితిలోనే ఆమెను ఫీనిక్స్ ఆశ్రమానికి తరలించారు. అక్కడ ఆమె క్రమంగా కోలుకొంది.

పశువుల నుండి చివరి చుక్క వరకు పాలు పిండడానికి వాటిని హింసిస్తారని తెలిసి, 1912లో గాంధీజీ పాలను కూడా విడిచిపెట్టారు. 1918లో రక్తవిరేచనాలతో మృత్యుముఖానికి చేరువయ్యారు. వ్రతం ఆవు, గేదె పాలకే గదా అని కస్తూర్బా సూచించగా మేకపాలు స్వీకరించారు. వ్రతంలోని మాట నిలిచినా దాని ఆత్మ భంగమైందనే బాధ ఆయనను విడువలేదు.

1931లో లండన్ శాకాహార సంఘంలో ప్రసంగిస్తూ, ఆరోగ్యం కోసం మాత్రమే చేపట్టిన శాకాహారం నిలవదని, దానికి నీతియే పునాది కావాలని బోధించారు. మాంసాహారుల పట్ల శాకాహారులు సహనం, వినయం చూపాలని కూడా హెచ్చరించారు. తన విషయంలో అతి కఠినంగా ఉన్న ఆయన, ఆహారాన్ని బట్టి మనుషులను తక్కువగా చూడలేదు. 1948 జనవరి 30న ఆయన అస్తమించారు. నియమం ఇతరులపై విధించేది కాదని, తనను తాను నిరంతరం ప్రశ్నించుకొంటూ పాటించవలసినదని ఆయన జీవితం తెలియజేస్తుంది.