చేనేతవారి ప్రతినిధి ప్రగడ కోటయ్యగారు

మగ్గమువారి మొర వినిపించుటకే చట్టసభల కేగినవారు అరుదు. అట్టివారిలో ప్రగడ కోటయ్యగారిని మేము ముందుగా నెన్నుదుము. వారు 1915లో నిడుబ్రోలున జన్మించిరి. నేతపనివారిని సంఘటితపరచి, 1955లోను 1967లోను చీరాలనుండి శాసనసభకును, 1990లో రాజ్యసభకును ఎన్నికైరి. చేనేత వస్త్రములకు యంత్రముల పోటీనుండి రక్షణ యుండవలెనని వారి పట్టుదల. 1985 నాటి చట్టము ననుసరించి 22 రకముల వస్త్రములు చేనేతకే ప్రత్యేకింపబడెను. మిల్లుల పక్షమువారు వ్యాజ్యమాడినను 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపెను. కోటయ్యగారు 1995లో కీర్తిశేషులైరి. మరుసటి యేడే ఆ రకములు 11కు తగ్గింపబడెను! రక్షించు చట్టమునకు కావలి యుండు ప్రతినిధియు కావలెను. వారి విగ్రహమునకు దండ వేయుటకంటె, మన యింటి పెండ్లికి నేతచీర కొనుట మేలని మా మనవి.