ఆ ఖద్దరు చీర

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక బేగం అఖ్తర్ పాత క్యాసెట్ పెట్టుకోవడం నాకలవాటు.

1914లో ఫైజాబాద్‌లో పుట్టిందావిడ. తండ్రి వదిలేస్తే తల్లి ముష్తరీబాయే పెంచింది. 1934లో బీహార్ భూకంప బాధితుల కోసం కలకత్తాలో కచేరీలు పెట్టారు. ఉద్దండుల సభ. ఈ పిల్లకి ఇరవయ్యేళ్లు. ఎదురుగా మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు! పాట విని మెచ్చుకుని ఓ చీర పంపారట. పట్టుచీర కాదు సుమండీ, ఖద్దరు. ఆ మెప్పు తనకెంత ధైర్యమిచ్చిందో పెద్దయ్యాక కూడా చెప్పుకునేదట.

తర్వాత రికార్డులు, 1942లో ‘రోటీ’ సినిమా, పేరు, డబ్బు. 1945లో లక్నో బారిస్టర్ అబ్బాసీ గారితో పెళ్లి. అంతే, పాట బంద్!

పెళ్లయ్యాక నేనూ నాలుగేళ్లు కథ రాయలేదు. ఎవరూ వద్దనలేదు, రాయమనీ అనలేదు. ఆవిడకైతే పాడకూడదన్న కట్టడే ఉండేది. మనిషి మంచం పట్టింది. చివరికి పాటే మందన్నారు. 1949లో లక్నో రేడియో స్టేషన్‌కి వెళ్లి పాడింది, పాడి ఏడ్చింది.

ఇక ఆపలేదు. 1974 అక్టోబరులో ఒంట్లో బాగోకపోయినా అహమ్మదాబాదులో కచేరీ చేసింది. ఆ ఊళ్లోనే 30వ తేదీన కన్నుమూసింది.