గంజి నుండి తీపి తీసిన ప్రవాసి

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల నుండి వచ్చిన మన కుటుంబాలవారికి గంజి సంగతి మేము వేరే చెప్పనక్కరలేదు. అక్కడి మగ్గాల ఇళ్ళలో పడుగుకు గంజి పట్టించనిదే నేత సాగదు. బట్ట మిల్లులలో నేత ముగిశాక ఆ గంజి వదలనిదే రంగు సరిగా పట్టదు. ఈనాడు దానిని వదలించడానికి సూక్ష్మజీవుల నుండి తీసిన ఎంజైములను వాడుతున్నారు. అటువంటి ఎంజైమును పరిశ్రమకు ఎక్కించిన తొలివారిలో ముఖ్యులు జపాను దేశీయులైన జోకిచి తకామినె. వారు కూడ మనవలెనే ప్రవాసులు. అందుచేత ఈ ఉగాది సంచికలో వారిని స్మరించదలచాము.

తకామినె 1854లో తకావొకా పట్టణంలో జన్మించారు. తండ్రి వైద్యులు, తల్లి పుట్టింటివారిది బియ్యంతో సాకే అనే మద్యం తయారుచేసే వృత్తి. టోక్యోలో ఇంజనీరింగు ముగించి, గ్లాస్గోలో పైచదువు చదివారు. 1887లో అమెరికా యువతి కారొలిన్ హిచ్‌ను వివాహమాడి, 1890లో కుటుంబంతో అమెరికా చేరుకున్నారు.

అన్నం మెతుకు నమిలేకొద్దీ తియ్యనగుట మనమెరిగినదే. ఉమ్మిలోని ఎంజైము గంజిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టుటే అందుకు కారణం. మొలకెత్తిన రాగులలోనూ జరిగేది ఇదే. మన రాగి మాల్టు రుచి అందులోనిదే. అమెరికాలో విస్కీ తయారీకి బార్లీని మొలకెత్తించేవారు. జపానులో ఉడికిన బియ్యంపై కోజి అనే బూజును పెంచి అదే పని చేయించేవారు. తకామినె ఆ బూజును చవకగా దొరికే గోధుమ తవుడుపై పెంచారు.

పియోరియా పట్టణపు విస్కీ పరిశ్రమ వారిని పిలిచింది. మొలక బార్లీ వర్తకులకు అది కంటగింపైంది. కర్మాగారం అగ్నికి ఆహుతైంది. కాలేయవ్యాధితో వారు మంచం పట్టారు. ఆ ప్రయత్నం నిలువలేదు. అయినా తకామినె పట్టు వదలక, ఆ తవుడు నుండి ఎంజైమును వేరుచేసి, 1894లో పేటెంటు పొందారు. పార్క్ డేవిస్ కంపెనీ దానిని టాకా డయాస్టేజు అనే పేర జీర్ణశక్తి మందుగా అమ్మింది. విస్కీకని మొదలైన పని ఔషధమై నిలిచింది. 1960లలో గ్లూకోజు తయారీదారులు సైతం ఆమ్లాన్ని విడిచి సూక్ష్మజీవుల ఎంజైములకు మళ్ళారు.

1900లో తన సహాయకులు ఉయెనకాతో కలిసి అడ్రినలిన్‌ను స్ఫటికరూపంలో రాబట్టారు. 1905లో న్యూయార్కులోని తమ దేశస్థులకై నిప్పాన్ క్లబ్బును స్థాపించారు. 1912లో వాషింగ్టనుకు చేరిన చెర్రీ చెట్ల కానుకకు అండగా నిలిచారు. ఇంత చేసినా, నాటి చట్టం జపానులో పుట్టినవారికి అమెరికా పౌరసత్వమివ్వలేదు. 1922 జులై 22న న్యూయార్కులో కన్నుమూశారు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. సరిహద్దు జరిగింది కాని, మన ఇళ్ళ మాట, వంట, మగ్గం విద్య మన వెంటనే ఉన్నాయి. తకామినె పరాయిగడ్డకు తీసుకుపోయినది కూడ తల్లి పుట్టింటి విద్యయే. మన అమ్మమ్మలకు తెలిసినదాన్ని చిన్నచూపు చూడక, మన పిల్లలు శ్రద్ధగా అడిగి తెలుసుకొందురుగాక.