గోపల్ల గ్రామానికి యాభై ఏళ్ల పండుగ

తమిళనాడంతా ఆప్యాయంగా కి.రా. అని పిలుచుకున్న కి. రాజనారాయణన్ నవల ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడింది. ఈ 2026తో దానికి యాభై నిండాయి. కోవిల్పట్టి పక్కన ఇడైసేవల్‌లో, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో 1923లో పుట్టిన ఆ రైతుబిడ్డకూ, ఆయన చెవిన కథలు వేసిన అవ్వలకూ తెలుగువాళ్లందరి తరఫున మనసారా వందనాలు!

అవ్వలకు ఎందుకంటే, నూరేళ్లు దాటిన మంగత్తాయారమ్మ నోటి మాటే ఆ నవలకు ప్రాణం. పాలకుడి కన్నుపడ్డ ఆడపిల్లను కాపాడుకోవడానికి తమవాళ్లు ఊరు విడిచి, నల్లరేగడి సీమకు చేరి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న వైనం ఆమే చెబుతుంది. అరవదేశం చేరిన తెలుగు కులాల్లో ఇలాంటి వలస కథలు ఇంకా వినిపిస్తాయి. తరుముకొచ్చేవాళ్ల నుంచి వాళ్లను తప్పించడానికి ఏటి ఒడ్డున చెట్టు వంగి దారిచ్చిందట. చెట్టు సంగతి ఎలా ఉన్నా, ఆ మాట దగ్గర అవ్వ గొంతులో పలికే భయం నిజం. ఆమె చెప్పే తీరును కి.రా. దిద్దలేదు. పల్లె నుడికారాన్ని అలాగే ఉంచారు, 1982లో కరిసల్ (నల్లరేగడి) సీమ మాటలకు నిఘంటువే కూర్చారు. ఈ కథకు కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఆ సీమ జ్ఞాపకాలు కథల్లోనే కాదు, రాళ్లలోనూ ఉన్నాయి. కోవిల్పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్లే దారిలోనే కయత్తారు. 1799 అక్టోబరు 16న ఈస్టిండియా కంపెనీవాళ్లు తమతో యుద్ధం చేసిన వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీసింది అక్కడే. ఆయనదీ తెలుగు మాట్లాడే కులమే. దారినపోయేవాళ్లు తలా ఒక రాయి వేయగా ఆ చోట గుట్ట లేచింది. ముప్పావు శతాబ్దంలో పెరిగిన ఆ గుట్ట గురించి బిషప్ కాల్డ్‌వెల్ తన తిరునెల్వేలి చరిత్రలో రాశారు. అక్షరం రానివాళ్లు యుద్ధాన్ని గుర్తుపెట్టుకున్న తీరు అది.

మన కాలపు యుద్ధాల జ్ఞాపకాలూ ఇంకా నోళ్లలోనే ఉన్నాయి. కోవిల్పట్టి, విరుదునగర్ పల్లెల్లో 1971 యుద్ధం చూసిన తెలుగింటి మాజీ సైనికులు డెబ్బై దాటారు. భారత శాంతిసేనతో శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లూ అరవై దరిదాపుల్లో ఉన్నారు. నవలకు స్వర్ణోత్సవ సభ పెట్టేవాళ్లు వేదిక మీద వాళ్లకు కుర్చీలు వేయాలి. సెల్‌ఫోన్‌లో వాళ్ల మాట పట్టే పిల్లలకు ఒక మనవి: తమిళం కలిసిన ఆ ఇంటి తెలుగును పుస్తకాల తెలుగుగా మార్చకండి. తుపాకుల సంగతి కన్నా ముందు, ఆ ఏడాది ఇంటి దగ్గర పొలం ఎవరు దున్నారో అడగండి. పెద్దాయన పక్కనే ఆయన భార్యనూ కూర్చోబెట్టండి. ఉత్తరం రాని నెలల్లో ఇల్లు ఎలా గడిచిందో ఆమే చెప్పాలి.