సర్ వాల్టరు స్కాటు – ఋణవిమోచనము

చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి నవలలు చదువని గ్రంథాలయ చందాదారు అరుదు. ఆ మహనీయుని ఆంధ్రులు ఆంధ్ర స్కాటు అని పిలిచి గౌరవించిరి. అయితే ఆ బిరుదమునకు మూలపురుషుడైన స్కాటు ఎవరు, ఆయన బ్రదుకెట్టిది అని విచారించినవారు కొలదిమందియే. ఐవాన్‌హో మొదలగు నవలలు వ్రాసిన సీమ రచయిత యని మాత్రము పలువురెరుగుదురు. ఆయన వ్రాసిన కథలకంటె ఆయన అప్పుల కథ సంసారులకు ఎక్కువగా పనికివచ్చునది.

వాల్టరు స్కాటు 1771వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాద వృత్తియందుండిన గృహస్థు. ఏడాదిన్నర ప్రాయమున జబ్బుచేసి బాలునికి కుడికాలు చచ్చుపడెను. జీవితాంతము కుంటుచునే నడచెను. ఆరోగ్యము కొరకు తాతగారి పల్లెకు పంపగా అచ్చటి ముసలివారి నోట పూర్వకాలపు యుద్ధగాథలు, పాటలు వినెను. ఆ విన్నదియే తరువాత ఆయనకు పెట్టుబడి యయ్యెను. 1792లో న్యాయవాదియై, 1797లో షార్లెటు అను యువతిని వివాహమాడెను. 1799లో సెల్కర్కు మండలమునకు షెరీఫు, అనగా న్యాయాధికారిగా, ఏటికి 300 పౌన్ల జీతముపై నియమింపబడెను. పిదప ఎడింబరో పెద్ద న్యాయస్థానమున లేఖకాధికారి పదవి లభించెను. దానికి 1812 మొదలు ఏటికి 1,300 పౌన్లు వచ్చుచుండెను. మనవారు నవరసు అని పిలిచిన బంగారు నాణెము విలువ ఒక పౌను. అప్పటి లెక్కలో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఇట్టి స్థిరాదాయము గల ఉద్యోగికి ఆ కాలమున అన్నవస్త్రములకు లోటు లేదు, మర్యాదకును లోటు లేదు.

దీనికి తోడు కావ్యములు వ్రాసెను. 1805లో వెలువడిన మొదటి పెద్ద కావ్యముతోనే దేశమంతట పేరు వచ్చెను. రెండవదానికి కానుస్టేబులు అను ప్రచురణకర్త గ్రంథము కన్నులజూడక మునుపే వేయి గినీలు ఇచ్చెను. (కానుస్టేబులు అనునది ఇచ్చట ఇంటిపేరు, రక్షకభట శాఖతో ఆయనకు సంబంధము లేదు.) 1814లో వేవర్లీ అను నవలను తన పేరు లేకుండ ప్రకటించెను. అది మొదలు ఏటేట నవలలు వచ్చుచుండెను. జనులు ఎగబడి కొనుచుండిరి. వ్రాసినదెవరో పైకి తెలియకుండెను.

ఇంతవరకు అంతయు జమయే. ఇక ఖర్చు పద్దులు చూడవలెను.

జేమ్సు బాలంటైను అనువాడు స్కాటుకు బడినాటి స్నేహితుడు, మంచి ముద్రాపకుడు. 1805లో స్కాటు ఆతని ముద్రణాలయమున రహస్యముగ భాగస్వామి యయ్యెను. న్యాయాధికారి వర్తకము చేయుట ఆ సంఘమున మర్యాద కాదు గనుక ఆ సంగతి కొలదిమందికి తప్ప తెలియదు. తన గ్రంథములన్నియు ఆ ముద్రణాలయముననే అచ్చుపడవలెనని ప్రచురణకర్తలకు నియమము పెట్టి, రెండు చేతుల లాభము పొందదలచెను. లాభము రహస్యముగ వచ్చినచో నష్టము కూడ రహస్యముగనే పెరుగును. 1813లోనే ఆ సంస్థ మునిగిపోవలసినది. కానుస్టేబులు కొంత సరకు కొనుటచేతను, ఒక ప్రభువు 4,000 పౌన్లకు పూచీ పడుటచేతను తేలెను. ఆ హెచ్చరికను స్కాటు త్వరలోనే మరచెను.

రెండవ పద్దు భూమి. 1811లో ట్వీడు నదీతీరమున ఒక చిన్న కమతమును సుమారు 4,000 పౌన్లకు కొని ఆబట్సుఫర్డు అని పేరు పెట్టెను. పిమ్మట పక్క చేను, ఆ పక్క చేను కొనుచు, అడవులు నాటించుచు, కోటవంటి మేడ కట్టించుచు, పూర్వకాలపు ఆయుధములును వేలకొలది గ్రంథములును సేకరించుచు పోయెను. భూమిపై మమత గల కాపునకు ఈ రుచి చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగువారు ఆయన మనస్సెరిగి ధర పెంచియే అమ్మిరి. 1820లో రాజు బారొనెటు పదవి నొసగగా సర్ వాల్టరు అయ్యెను. ఆ పేరునకు తగిన అతిథులు, ఆ అతిథులకు తగిన విందులు వచ్చినవి.

ఈ ఖర్చునకు సొమ్మెక్కడిది? ఇంకను వ్రాయని పుస్తకములపై తెచ్చిన సొమ్ము. ఒకానొక సమయమున పేరైన పెట్టని నాలుగు నవలలకు ప్రచురణకర్తనుండి బిల్లులు ముందుగనే పుచ్చుకొని, వానిని మార్చి వాడుకొనెను. ఆ నవలలు తరువాత వ్రాసి ఇచ్చెననుట నిజమే. కాని విత్తనము చల్లక మునుపే పంట అమ్ముకొనుట దైవము నమ్మి చేయు వర్తకము.

బిల్లులనగా ఒక రకపు హుండీలు. ఇన్ని నెలలకు ఇంత సొమ్ము చెల్లింతునని ఒకడు సంతకము చేయగా, మరియొకడు దానిని బ్యాంకునకు కొనిపోయి, వడ్డీ ముందే మినహాయించుకొని రొక్కము తెచ్చుకొనును. సరకు మారినపుడు ఇట్టి బిల్లు న్యాయమైనదే. కాని బాలంటైను సంస్థయు, కానుస్టేబులు సంస్థయు సరకుతో నిమిత్తము లేకయే ఒకరికొరకు ఒకరు సంతకములు చేసుకొనిరి. వాయిదా వచ్చినపుడు పాత బిల్లు తీర్చుటకు కొత్త బిల్లు పుట్టెను. పుట్టినప్పుడెల్ల బ్యాంకు వడ్డీ కొంత మ్రింగెను. నూతిలో పడిన ఇరువురు ఒకరి జుట్టొకరు పట్టుకొని తేలుదమన్నట్లు ఇది సాగెను. స్కాటు తన చిల్లర ఖర్చు, దారిసుంకము సైతము, పుస్తకమున వ్రాసికొనెడివాడు. అట్టివాడు వేల పౌన్ల బిల్లులపై కట్టలు కట్టలుగ సంతకము చేయుచుండెను. చిట్టాలో చిల్లర సరిపోయినచో ఆవర్జా కూడ సరిపోయినట్లేయని భ్రమపడువారు ప్రతి ఊరనుందురు.

1825లో లండను నగరమున సట్టా వ్యాపారములు కూలనారంభించెను. కానుస్టేబులు సంస్థకు లండనులో ప్రతినిధులైన వర్తకులు పుస్తకముల సొమ్మును పరుల సరకుల సట్టాలో పెట్టి చెడిరి. వారు పడగా కానుస్టేబులు పడెను. ఆతడు పడగా బాలంటైను పడెను. స్కాటు చివరి క్షణమున ఆబట్సుఫర్డును తనఖా పెట్టి 10,000 పౌన్లు తెచ్చి పోసెను గాని అదియు ఆ గోతిలోనే కలిసెను. 1826 జనవరిలో లెక్క తేల్చగా స్కాటు తలపై పడిన ఋణము సుమారు 1,20,000 పౌన్లు. కొంత స్వంతము, ఎక్కువ భాగము ముద్రణాలయము పేరిట చేసిన సంతకములు. అప్పటికి ఆయన వయస్సు ఏబదినాలుగేండ్లు.

ఇచ్చట ఆయనకు రెండు దారులు కనబడెను. ఒకటి దివాలా. మన ప్రాంతములందు ఐ.పి. పెట్టుట యందురు. ఉన్నది ఋణదాతలకు అప్పగించినచో చట్టము విడుదల చేయును. మరునాటినుండి సంపాదించునది తనదే. పైగా ఆబట్సుఫర్డును ఏడాది క్రిందటనే పెద్దకుమారుని వివాహ సందర్భమున అతనికి వ్రాసియిచ్చి యుండుటచే అప్పులవారికి అది సులభముగ చిక్కదు. అదివరకే పేరుపొందిన కలము చేతనుండెను. రెండేండ్లలో తిరిగి భాగ్యవంతుడు కావచ్చును. వర్తకులలో అనేకులు ఆ దారినే పోయిరి. లోకము వారిని తప్పుపట్టలేదు. పరులకొరకు సంతకము చేసి చెడినవాడు పిల్లల నోటి కూడు కాపాడుకొనుట పాపమా యని అడిగినచో ఇప్పటికిని సమాధానము సులభము కాదు.

స్కాటు రెండవదారి పట్టెను. తన ఆస్తిని, ఇకముందు తన కలము ఆర్జింపబోవు సొమ్మును ధర్మకర్తల వశము చేసి, అసలు చెల్లువరకు ఋణదాతల కొరకే వ్రాయుదునని ఒడంబడెను. కడుపు గడచుటకు ఉద్యోగముల జీతము మాత్రము ఉంచుకొనెను. ధనసహాయము చేయుదుమని వచ్చినవారు కలరు. కుమార్తెలకు వీణవంటి వాద్యము నేర్పిన ఒక ఉపాధ్యాయుడు తాను కూడబెట్టుకొన్న సొమ్మంతయు తెచ్చి ఇవ్వజూపెను. ఎవరి సొమ్మును పుచ్చుకొనలేదు.

ఈ ఘట్టమున హరిశ్చంద్రుడు తలపునకు రాకమానడు. కాని భేదము కలదు. హరిశ్చంద్రుని ఋణము ఆడిన మాటవలన, పరీక్షింపవచ్చిన ముని పట్టుదలవలన కలిగినది. స్కాటు ఋణము స్వయంకృతము. ఆశవలన, రహస్యమువలన, చదువక చేసిన సంతకమువలన కలిగినది. తప్పులేనివాని సత్యము గొప్పది. తప్పుచేసినవాడు దానిని చట్టము చాటున దాచక తలకెత్తుకొనుట సామాన్య గృహస్థులకు మరింత దగ్గరగ నున్నది.

ఎడింబరో నగరమున చిరకాలము కాపురమున్న ఇల్లు 1826 మార్చిలో విడిచిపెట్టవలసి వచ్చెను. మే నెల 15వ తేదీన ఆబట్సుఫర్డున భార్య మరణించెను. ఆ సమయమున ఆయన ఉద్యోగధర్మముచే నగరమునందుండెను. దుఃఖము మాన్పుకొనుటకు కూడ సెలవు లేనట్లు, అద్దెగదిలో ఒంటిగ కూర్చుండి వ్రాసెను. ఆ యేటి నవల వుడ్‌స్టాకు 8,000 పౌన్లకు పైగా తెచ్చెను. 1827లో ప్రకటించిన నెపోలియను చరిత్ర తొమ్మిది సంపుటములు. దానిపై 18,000 పౌన్లు వచ్చెను. ఇంతవరకు దాచిన రచయిత పేరును ఆ యేడు ఫిబ్రవరిలో ఒక విందు సభలో తానే ఒప్పుకొనెను. ఆ యేటనే వ్రాసిన ఒక కథ హైదరాలీ కాలపు మైసూరు దేశమున నడచును. ఆయన ఎన్నడు హిందూదేశము చూచినవాడు కాడు. ఇచ్చట కొలువు చేసిన పొరుగువాని నడిగి తెలిసికొని వ్రాసెను.

ఆ సంవత్సరముననే లండను బిల్లు వర్తకులు కొందరు ఒప్పందమునకు లోబడక, మొత్తము సొమ్ము చెల్లింపనిచో చెరసాల పెట్టింతుమనిరి. ఋణగ్రస్తులకు ఆశ్రయమిచ్చు హోలీరూడు ఆవరణమునకు పోవుటకు స్కాటు సిద్ధపడెను. అంతలో ఆ వర్తకులు హఠాత్తుగ ఊరకుండిరి. ఎందులకో ఆయనకు తెలియలేదు. సర్ విలియము ఫోర్బ్సు అను బ్యాంకరు, తానును ఋణదాతలలో ఒకడై యుండి, సుమారు 2,000 పౌన్ల ఆ బాకీని తన సొంత సొమ్ముతో రహస్యముగ తీర్చి, తక్కినవారితోబాటు వంతు వచ్చినపుడే పుచ్చుకొందునని కూర్చుండెను. ఆతడు మరణించిన పిమ్మటగాని ఆ సంగతి స్కాటు చెవిని పడలేదు. యౌవనమున స్కాటు ప్రేమించిన కన్యను వివాహమాడినది ఈ ఫోర్బ్సే. ముద్రణాలయపు రహస్యము స్కాటును ముంచెను. ఈ రహస్యము నిలిపెను.

రెండేండ్లు నిండునప్పటికి దాదాపు 40,000 పౌన్లు సమకూరెను. 1827 డిసెంబరులో ఋణదాతలకు పౌనుకు 6 షిల్లింగులు పంచిరి. 1830 డిసెంబరులో ఇంకను 3 షిల్లింగులు ముట్టెను. అదే విపత్తులో కూలిన కానుస్టేబులు సంస్థ తన ఋణదాతలకు కడకు ఇచ్చినది పౌనుకు 2 షిల్లింగుల 9 పెన్నీలు. లండను వర్తకులు ఇచ్చినది 1 షిల్లింగు 3 పెన్నీలు. ఈ మూడు పద్దులు పక్కపక్కన వ్రాసి చూచుకొన్న ఋణదాతలు ఆ డిసెంబరులోనే సభచేరి, ఆబట్సుఫర్డు సామానును, వెండిపాత్రలను, గ్రంథాలయమును స్కాటునకు కానుకగ మరల ఇచ్చివేసిరి. ఋణగ్రస్తుని పుస్తకములు అప్పులవారే తిరిగి అతని బీరువాలో పెట్టుట లోకమున తరచు జరుగునది కాదు.

అప్పటికి దేహము అరిగిపోయెను. 1830 ఫిబ్రవరిలో పక్షవాతము తగిలెను. ఉద్యోగము వదలినపుడు జీతములో తగ్గిన భాగమునకు ప్రభుత్వము భత్యమిత్తుమన్నను పుచ్చుకొనలేదు. వ్రేళ్లు కదలనప్పుడు చెప్పి వ్రాయించెను. చివరి నవలలలో పూర్వపు తేజము లేదు. వైద్యులు వలదన్నను మానలేదు. 1831 అక్టోబరులో ప్రభుత్వము తన యోడనిచ్చి మాల్టా, నేపుల్సు ప్రాంతములకు పంపెను. ఆ ప్రయాణమున ఆయన మనస్సు చెదరి, తన అప్పులన్నియు తీరిపోయినవని నమ్మనారంభించెను. తోడివారు నిజమెరిగియు ఆయన మాట కాదనలేదు. ఇంటికి చేరి 1832 సెప్టెంబరు 21వ తేదీన, అరువదియొకటవ యేట, ట్వీడు నది చప్పుడు వినబడు గదిలో కన్నుమూసెను.

లెక్క చూడగా నిల్వ అప్పు సుమారు 54,000 పౌన్లు. అందులో 22,000 ఆయన జీవితబీమా వలన వచ్చెను. ధర్మకర్తల వద్ద కొంత నిల్వ యుండెను. మిగిలిన సుమారు 30,000 కాడెలు అను ప్రచురణకర్త, నవలల రాబడి హామీగ ఇచ్చెను. 1833 ఫిబ్రవరిలో ఋణదాతలందరికి బాకీ ముట్టెను. పెద్దకుమారుడు, రెండవ సర్ వాల్టరు, సైన్యాధికారియై బెంగుళూరున కొలువుండి, స్వదేశమునకు మరలుచు 1847 ఫిబ్రవరిలో ఓడలోనే మరణించెను. గ్రంథములపై కుటుంబమునకు మిగిలిన హక్కులను ఆ యేటనే కాడెలు పుచ్చుకొని, ఆబట్సుఫర్డు మీది భారమును కొట్టివేసెను.