కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం

హైదరాబాదు నగరమునకు ఫుట్‌బాల్ క్రీడయందు దేశవ్యాప్తమైన ఖ్యాతిని ఆర్జించిపెట్టిన వారిలో అగ్రగణ్యులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిచే వారు ఉపాధ్యాయులు. ఆటను గూడ పాఠమువలెనే ఓర్పుతో బోధించిన మహనీయులు.

వీరు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, కాచిగూడ, చాదరుఘాటు మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, నగర పోలీసు జట్టును తీర్చిదిద్దిరి.

బంతిని తన కాళ్లయొద్దనే ఉంచుకొని చాతుర్యము చూపుట ఆ దినములలో గొప్పగా నెంచబడెడిది. రహీం గారు దానిని మాన్పించి, బంతిని వెంటనే తోడివానికి అందించుట నేర్పిరి. రెండు కాళ్లకును సమానమైన నేర్పు అలవడుటకై, వాటము లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఏర్పాటుచేసిరి. తత్ఫలితముగా పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను.

1951లో ఢిల్లీయందు జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో, వీరి శిక్షణలో భారతజట్టు ఇరానును 1-0 తో ఓడించి బంగారు పతకము పొందెను. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సున పరాభవము ఎదురయ్యెను. మనవారిలో పెక్కురు బూట్లు లేకయే ఆడి, యుగోస్లావియాచేతిలో 10-1 తో ఓడిరి. అటుపిమ్మట బూట్లు విధిగా ధరింపవలసినదని నిర్ణయమాయెను. రహీం గారు నిరుత్సాహపడక జట్టును మరల నిర్మించిరి. నాలుగేండ్లకు మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2 తో గెలిచి, భారతజట్టు ఒలింపిక్సున నాలుగవ స్థానము నందెను. 1960లో రోమునందు ఫ్రాన్సుతో సమముగా నిలిచెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి కాన్సరు వ్యాధి వారిని క్రుంగదీయుచుండెను. తొలి ఆటలోనే మనవారు దక్షిణ కొరియాకు ఓడిరి. ఇశ్రాయేలు, తైవాను జట్లను రానీయకపోవుటపై భారతీయుడైన సోంధీ గారు అభ్యంతరము తెలిపినందున, అచ్చటి ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహించి యుండిరి. రక్షణశ్రేణిలోని జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడెను. రహీం గారు అతనిని ముందువరుసకు మార్చి ఆడించిరి. సెప్టెంబరు 4వ తేదీన అదే దక్షిణ కొరియాతో తుదిపోటీ జరిగెను. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు మరియొక గోలు చేయగా, 2-1 తో బంగారు పతకము మనదాయెను. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ విజయమున పాలుగొనెను.

తొమ్మిది నెలలు గడచిన కొలది దినములకే, 1963 జూన్ 11వ తేదీన, రహీం గారు తమ యేబదిమూడవ యేట దివంగతులైరి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము భారతదేశమునకు మరల లభింపలేదు. వారి జీవితము 2024లో హిందీ చలనచిత్రముగా వెలువడినది.

ధనబలము గాని పదవీబలము గాని లేని ఒక బడిపంతులు, క్రమశిక్షణయే పెట్టుబడిగా దేశమునకు కీర్తి తెచ్చెను. ఓటమిని పాఠముగా గ్రహించువాడు ఎన్నటికిని ఓడిపోడని గ్రామయువకులు వారి చరిత్రనుండి గ్రహింతురుగాక!